మెడిసిన్ బాల్ తిప్పితే నడుం పట్టేసింది. తప్పు బంతిదా, నాదా?

తడకలేరు_పేసర్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. అనంతపురం నుంచి రాస్తున్నా. వయసు 34. వారమంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, ఆదివారం వస్తే క్రికెట్. కుడిచేతి మీడియం పేస్. రెండేళ్ల కిందటి దాకా పది ఓవర్లు ఆగకుండా వేసేవాణ్ణి. ఇప్పుడు నాలుగో ఓవర్‌కే ఎడమ పక్కన, కింది పక్కటెముకల దగ్గర పట్టకారుతో పట్టుకుని లాగినట్టు ఉంటోంది.

"నీ కోర్ వీక్ అయింది, మెడిసిన్ బాల్ పట్టు" అన్నాడు మా కెప్టెన్. కోర్ అంటే పొట్ట, నడుం చుట్టూ ఉండే కండరాలు. మెడిసిన్ బాల్ అంటే వ్యాయామానికి వాడే బరువైన బంతి. సరేనని 8 కిలోల బంతి కొన్నా. అంగట్లో 3 కిలోలది కూడా ఉంది కానీ, అది మా పాప ఆడుకునే బొమ్మలా కనిపించింది. నేల మీద కూర్చుని, వెనక్కి వాలి, కాళ్లు గాల్లోకి లేపి బంతిని ఇటూ అటూ తిప్పడం. రష్యన్ ట్విస్ట్ అంటారే, అదే. రోజుకు వంద. తొమ్మిదో రోజు పొద్దున పళ్లు తోముకుని ఉమ్ముదామని వంగితే నడుం పట్టేసింది. బేసిన్ పట్టుకుని అట్లే నిలబడిపోయినా. కొళాయి కట్టేయడానికి కూడా మా ఆవిణ్ణి పిలవాల్సి వచ్చింది.

ఇది అయి ఐదు రోజులు. ఇప్పుడు కొంచెం నయం. మళ్లీ మొదలుపెట్టాలా, బంతి అమ్మేయాలా?

జిమ్ము_రాజా | రాత్రి 9:52

బ్రో, కొత్తలో అందరికీ పట్టేస్తుంది. నేను 10 కిలోలతో రోజూ 150 కొడతా. రెండ్రోజులు రెస్ట్ తీసుకుని మళ్లీ ఎత్తుకో. నొప్పి లేకుండా కండ ఎక్కడ వస్తుంది?

ఫిజియో_సీమ | రాత్రి 10:15

ఎత్తుకోవద్దు. ముందు ఇవి చెప్పండి. నొప్పి పిరుదు దాటి కాల్లోకి దిగుతోందా? పాదంలో తిమ్మిరి ఉందా, నడిచేటప్పుడు చెప్పు జారిపోతోందా? మూత్రానికో దొడ్డికో వెళ్లడంలో ఏమైనా తేడా వచ్చిందా? కాలి సంగతి ఉంటే ఫోరమ్ పక్కనపెట్టి డాక్టర్‌కు చూపించుకోండి. చివరిది ఉంటే మాత్రం రేపటి దాకా కూడా ఆగొద్దు.

తడకలేరు_పేసర్ | రాత్రి 10:21

ఏవీ లేవు మేడమ్. నడుం మధ్యలోనే ఉంది, కిందికి దిగలేదు. పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ.

ఫిజియో_సీమ | రాత్రి 10:48

అయితే సరే. మీకు జరిగినవి రెండు వేర్వేరు సంగతులు, కలపొద్దు.

పక్కటెముకల దగ్గర పట్టడం పేస్ బౌలర్లలో తరచూ చూసేదే. కుడిచేతి బౌలర్‌కు సాధారణంగా ఎడమవైపే వస్తుంది. చెయ్యి పైకి లేచినప్పుడు ఎడమ పక్క బాగా సాగుతుంది, బంతి వదిలేలోపు ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ఆ లాగుడంతా పొట్ట పక్కన ఏటవాలుగా ఉండే కండరం పక్కటెముకలకు అతుక్కున్న చోట పడుతుంది. దానికి బలం కావాలి, మీ కెప్టెన్ చెప్పింది తప్పేం కాదు.

నడుం మాత్రం మీరు కొనితెచ్చుకున్నారు. అక్కడ ఉండేవి 5 పూసలు. ఐదూ కలిపి ఒక పక్కకు తిరిగేది పది డిగ్రీలు, మహా అయితే ఇంకాస్త. గడియారంలో పెద్దముల్లు రెండు నిమిషాలు జరిగినంత, అంతే! వాటి పైన, పక్కటెముకలు తగులుకుని ఉన్న 12 పూసలు 35 డిగ్రీల దాకా తిరుగుతాయి. కింద తుంటి కీళ్లు కూడా బాగా తిరుగుతాయి. మీరు నేల మీద కూర్చున్నారు కాబట్టి తుంటి కదలదు. వెనక్కి వాలి కాళ్లు లేపారు కాబట్టి నడుం గూనిలా వంగింది. ఆ వంగిన నడుం మీద 8 కిలోలు పెట్టి, రోజుకు వందసార్లు తిప్పారు.

ఇంకోటి. రాత్రి పడుకున్నప్పుడు పూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున మనం సాయంత్రం కంటే ఒక సెంటీమీటరు పైన పొడుగుంటాం. లేచిన మొదటి గంట నడుం వంచితే డిస్కు మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. మీకు బేసిన్ దగ్గరే పట్టేయడంలో వింతేం లేదు.

జిమ్ము_రాజా | రాత్రి 11:02

మేడమ్, అట్లయితే రష్యన్ ట్విస్ట్ చేసేవాళ్లందరి నడుములూ విరిగిపోవాలి కదా?

ఫిజియో_సీమ | రాత్రి 11:10

విరగవు. చాలామందికి ఏమీ కాదు, మీకూ కాకపోవచ్చు. తేలిక బంతితో, వీపు నిటారుగా పెట్టుకుని, మెల్లగా తిప్పితే నాకు అభ్యంతరం లేదు. నేననేది, రోజంతా కుర్చీలో నడుం వంచి కూర్చునే మనిషికి అది మొదటి వ్యాయామం కాదు. పైగా బౌలర్ కూర్చుని బంతి వేయడు కదా.

డ్రిల్‌మాస్టర్_రిటైర్డ్ | ఆదివారం, ఉదయం 6:30

ఆ చివరి మాట బాగా చెప్పావమ్మా.

నాయనా పేసర్, నేను ముప్పై ఏళ్లు స్కూళ్లలో పిల్లల చేత ఆటలాడించినవాణ్ణి. షాట్‌పుట్, డిస్కస్ వేసే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: బెల్టు బకిల్ ముందు తిరగాలి, చొక్కా గుండీలు ఆ తర్వాత, చేతులు అన్నిటికంటే చివర. మూడూ ఒకేసారి తిరిగితే అది విసరడం కాదు, తోయడం. గుండీలు ముందు తిరిగి బకిల్ అక్కడే ఉండిపోతే నడుం మీద పడుతుంది. నువ్వు చేసింది అదే.

ఇంక బరువు. అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ కోసం వైట్‌హౌస్ వైద్యుడు జోయెల్ బూన్ ఒక ఆట కనిపెట్టాడు. ఎనిమిది అడుగుల ఎత్తున్న నెట్ మీదుగా మెడిసిన్ బాల్ అటూ ఇటూ విసురుకోవడం, పాయింట్లు టెన్నిస్‌లో లాగా. 1929 నుంచి 1933 దాకా, ఆయన పదవిలో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఆడేవాళ్లు. ఆ బంతి బరువు ఆరు పౌండ్లు, అంటే మూడు కిలోలకు కాస్త తక్కువే. నీకు బొమ్మలా కనిపించిన బంతి అదే!

మన తాలింఖానాల్లో గద తిప్పేవాళ్లను చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. గద భుజం మీద తిరుగుతుంటే కింద పాదాలు చూడండి, ఒక్క క్షణం ఊరికే ఉండవు.

బుడ్డలరైతు | ఉదయం 7:05

సార్ చెప్పింది మా పొలంలో రోజూ కనిపించేదే. శెనక్కాయ మూట ట్రాక్టర్ మీదికి ఎగేసేటప్పుడు ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఊపుతాం. ఒకటి, రెండు, మూడో ఊపుకు పైకి. కొత్తగా వచ్చిన పిల్లోడు కాళ్లు పాతేసినట్టు నిలబెట్టి నడుంతో ఎగేస్తాడు. సాయంత్రానికి "అన్నా, నడుం" అంటాడు. పాతోళ్లకు వెనక కాలి మడమ తనంతట తనే లేచి తిరుగుతాది. మూట కాళ్లలోంచి లేచిపోతాది. చేతులు పట్టుకోడానికే.

నా అభిప్రాయం ఏమంటే, ఈ బంతులూ అవీ ఎందుకు, నెల రోజులు మా దగ్గరికి రాండి. కూలి కూడా ఇస్తాం.

ఫిజియో_సీమ | ఉదయం 8:20

అన్నా, మూట పోలిక బంగారం. ఇకమీదట నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇదే చెప్తా. కానీ ఒక్క మాట. మీవాళ్లు మూట ఎప్పుడూ ఒకే పక్క నుంచి ఎగేస్తారా, పక్కలు మారుస్తారా?

బుడ్డలరైతు | ఉదయం 8:31

... నేను ఇరవై ఏళ్లుగా కుడి పక్కే. నిజం చెప్పాలంటే ఎడమ పక్క నిలబడితే నాకు ఊపే రాదు.

ఫిజియో_సీమ | ఉదయం 8:40

పని ఒక పక్కనే అరగదీస్తుంది. వ్యాయామం రెండు పక్కలా చేసుకోవచ్చు. తేడా అదే, అన్నా.

ఈటె_అమ్మాయి | ఉదయం 11:15

నేను డిగ్రీ చదువుతూ జావెలిన్ వేస్తా. మా ఈటె బరువు 600 గ్రాములే. దాని కోసం మేం వాడే బంతి 2 కిలోలు, బాగా అలవాటైనవాళ్లకు 3. కోచ్ సార్ బరువు పెంచనివ్వరు. బంతి బరువెక్కితే చెయ్యి నెమ్మదిస్తుంది, నెమ్మదిగా విసరడం అలవాటు చేసుకుంటే ఈటె కూడా నెమ్మదిగానే పోతుంది అంటారు.

మొదట్లో నన్ను నిలబడి విసరనివ్వలేదు. గోడకు పక్కగా, గోడవైపు కాలు ముందుకు పెట్టి, అవతలి మోకాలు నేల మీద ఆనించి కూర్చోబెట్టారు. అలా కూర్చుంటే తుంటి కదలదు, నడుం కూడా కదలకూడదు, వీపు పైభాగం ఒక్కటే తిరగాలి. మోకాలు ఆనించిన వైపు పిరుదు బిగించకపోతే బంతి విసిరిన ప్రతిసారీ పక్కకు ఒరిగిపోతాం. నేను మొదటి రోజు మూడుసార్లు పడ్డా. ఆ తర్వాత నిలబడి: గోడకు మూడు నాలుగు అడుగుల దూరం, బంతి వెనక తుంటి పక్కన, బరువంతా వెనక కాలి మీద. అక్కడినుంచి మడమ తిప్పుతూ విసరాలి. వదిలేటప్పుడు నోటితో "హుఁ" అని గాలి వదలాలి.

ఎన్ని చేయాలో మా సార్ లెక్క చెప్పరు, చప్పుడు వినమంటారు. బంతి సరిగ్గా తగిలితే గోడ "ఠప్" అంటుంది. ఆరేడు విసిరాక "ధబ్" అని మొద్దుగా వస్తుంది. మొద్దుగా వచ్చిందంటే ఆపేసి, నిమిషం పైన ఆగి, రెండో పక్క. ఒక్కో పక్కకు మూడు విడతలు, వారానికి రెండు రోజులు. పోటీకి ముందురోజు అస్సలు వద్దు.

తడకలేరు_పేసర్ | ఉదయం 11:40

అంటే నేను వారంలో కొట్టిన ఏడొందల తిప్పుళ్లకు, నీ వారానికి మొత్తం డెబ్బై ఎనభై విసుర్లకు... సరేలే చెల్లీ, లెక్క వేయకపోవడమే మేలు.

కడపబండ | మధ్యాహ్నం 1:10

కడప నుంచి. గోడ అంటే ఏ గోడ పడితే అది కాదు సామీ! మా ఇంటి ప్రహరీ నిలువు బండలది. మావాడు 4 కిలోల బంతితో ఐదో విసురుకే ఒక బండను అడ్డంగా చీల్చాడు. బండ బరువు మోస్తుంది కానీ అదురు తట్టుకోదు. ఇంట్లో గదుల మధ్య కట్టే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కూడా వద్దు, ప్లాస్టరింగ్ రాలుతుంది. తొమ్మిది అంగుళాల బయటి గోడ చూసుకోండి. అవతల ఎవరి మంచం ఉందో కూడా చూసుకోండి.

పాతూరు_బాబు | మధ్యాహ్నం 2:25

బంతి కొనకుండా చేసుకోవచ్చు, నేను చేశా. ముందు తప్పు చెప్తా, తర్వాత ఒప్పు.

పాత బాస్కెట్‌బాల్‌కు గాలి మూత దగ్గర రెండు అంగుళాలు కోసి, గరాటు పెట్టి ఇసుక నింపా. నిండా నింపాక ఎత్తబోతే లేవలేదు. కిరాణా కొట్టు తక్కెడలో పెడితే 11 కిలోలు. సగం తీసేశా. బరువు తగ్గింది కానీ లోపల ఇసుక ఒక పక్కకు జారుతుంది, విసిరితే బంతి తాగినోడిలా పోతుంది.

రెండోసారి ఇసుక కిలోన్నర కంటే తక్కువే తీసుకుని, మిగతా ఖాళీ అంతా పొడి శెనక్కాయ పొట్టుతో కూరా. పొర పొట్టు, పొర ఇసుక, మళ్లీ పొట్టు, కర్రతో దట్టిస్తూ. మొత్తం 3 కిలోల లోపే వచ్చింది. కోసిన చోట పంక్చర్ షాపులో లోపలి నుంచి ఒకటి, బయటి నుంచి ఒకటి ప్యాచ్ వేయించా. షాపాయన "ఏం సామీ, ఇందులో ఏం దాచిపెడుతున్నావ్?" అని అడిగాడు. ఎనిమిది నెలలుగా వాడుతున్నా. ఎగరదు, గోడకు కొడితే కింద పడుతుంది, అంతే. వంగి తీసుకోవాలి.

ఫిజియో_సీమ | మధ్యాహ్నం 2:50

బ్రహ్మాండం. ఎగరని బంతి ఒక రకంగా మేలే. ఎగిరే రబ్బరు బంతి వేగంగా వెనక్కి వస్తుంది, దాన్ని పట్టి ఆపడానికి ఒంటికి ఇంకొంచెం శక్తి కావాలి, అది తర్వాతి మెట్టు. కింద పడినదాన్ని మాత్రం నడుం వంచి కాదు, మోకాళ్లు వంచి తీయండి. పేసర్ గారూ, మీకే చెప్తున్నా.

ఇద్దరుపిల్లల_తల్లి | సాయంత్రం 5:30

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. నాకు రెండో కాన్పు ఆపరేషన్ అయి ఏడు నెలలు. పొట్ట కండరాల మధ్య ఖాళీ ఉందన్నారు. మా తమ్ముడి దగ్గర 2 కిలోల బంతి ఉంది, నేను ఇవి చేయొచ్చా? పొట్ట కూడా తగ్గుతుందా?

ఫిజియో_సీమ | సాయంత్రం 6:05

పొట్ట సంగతి ముందు. ఏ వ్యాయామమూ చేసిన చోటే కొవ్వు కరిగించదు, బంతి కూడా అంతే. మీకు తెలిసే ఉంటుంది, అడగకుండా ఉండలేం, అంతే.

విసరడం ఇప్పుడే వద్దమ్మా. ఒక పరీక్ష చేసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తల కొంచెం పైకి ఎత్తండి. పొట్ట మధ్యలో నిలువుగా దిబ్బలా పైకి ఉబికిందా? ఉబికితే విసుర్లూ తిప్పుళ్లూ ఏవీ వద్దు. దగ్గర్లో ఉన్న ఫిజియోకు ఒకసారి చూపించుకోండి. ఈలోపు నెమ్మదిగా ఊపిరి వదులుతూ పొట్టను లోపలికి తీసుకోవడం, చేతులూ మోకాళ్ల మీద నిలబడి ఎదురు చెయ్యీ కాలూ చాపడం, ఇవి మెల్లగా చేసుకోవచ్చు. ఆ తర్వాత సైకిల్ ట్యూబ్ వ్యాయామం.

ఇద్దరుపిల్లల_తల్లి | సాయంత్రం 6:12

ఉబికింది. సన్నగా, గట్టులా. రేపే వెళ్తా. సైకిల్ ట్యూబ్ అంటే?

ఫిజియో_సీమ | సాయంత్రం 6:40

ఇది పేసర్ గారికి కూడా, ఆయన బంతి పట్టే ముందు చేయాల్సింది ఇదే. పాత సైకిల్ ట్యూబ్ కోసి, ఒక కొన కిటికీ ఊచకు గుండె ఎత్తులో కట్టండి. కిటికీకి పక్కగా నిలబడి, రెండో కొన రెండు చేతులతో గుండె దగ్గర పట్టుకుని, చేతులు ముందుకు చాపండి. ట్యూబ్ మిమ్మల్ని కిటికీ వైపు తిప్పాలని చూస్తుంది. మీరు తిరగకూడదు, అంతే పని. చూడ్డానికి ఏమీ చేయనట్టు ఉంటుంది, పది లెక్కపెట్టేసరికి పక్కలు వణుకుతాయి. తిప్పడం కంటే ముందు తిరక్కుండా ఆపడం నేర్చుకోవాలి. బంతి వదిలాక బౌలర్ ఒంటిని ఆపేది కూడా ఆ కండరాలే.

పేసర్ గారూ, మీకు మొదటి రెండు వారాలు ఇది, దీంతోపాటు మెక్‌గిల్ మూడు వ్యాయామాలు. కెనడాలో వెన్నెముక మీద ఏళ్ల తరబడి పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ పేరుమీద చలామణీలో ఉన్నాయి: ఒక కాలు మడిచి, నడుం కింద అరచేతులు పెట్టుకుని తల, భుజాలు మాత్రం కాస్త లేపడం, మోచేతి మీద పక్కగా ఆనుకోవడం, చెయ్యీ కాలూ చాపడం. ఏదైనా పది సెకన్ల కంటే పట్టి ఉంచొద్దు, దించి మళ్లీ లేపండి. ఆ తర్వాత మోకాలు ఆనించి విసరడం. అది కుదిరాక నిలబడి.

జిమ్ము_రాజా | రాత్రి 8:15

మేడమ్, కిటికీకి ట్యూబ్ కట్టి చూశా. ఎడమ పక్క బాగానే ఆపా. కుడి పక్క ఆరో సెకనుకే తిరిగిపోయా. నేను 10 కిలోలు తిప్పేవాణ్ణి. ఇదేంది?

డ్రిల్‌మాస్టర్_రిటైర్డ్ | రాత్రి 8:30

ఇప్పుడు దారిలోకొచ్చావ్ అబ్బీ.

నిర్వాహకుడు | రాత్రి 8:45

చిన్న మనవి: ఉగ్గాని బజ్జీ ఎక్కడ బాగుంటుందన్న చర్చను వేరే థ్రెడ్‌లోకి మార్చాను. పధ్నాలుగు పోస్టులు వచ్చాయి, బంతి మీద కంటే ఎక్కువ.

తడకలేరు_పేసర్ | నాలుగో వారం, బుధవారం

అప్‌డేట్. రెండు వారాలు ట్యూబ్, మెక్‌గిల్ మూడు. పొద్దున వంగేటప్పుడు వచ్చే పట్టు పోయింది. మూడో వారం బాబు పద్ధతిలో బంతి చేయించా, పొట్టు బుడ్డలరైతు అన్న పంపించాడు (ఒక బంతికి మూట పంపించాడన్నా, మిగిలింది ఏం చేయాలి?). ఎండకు భయపడి సాయంత్రం ఆరు దాటాక మిద్దె మీద, మెట్లగది గోడకు విసురుతున్నా. మోకాలు ఆనించి విసిరితే ఎడమ వైపుకు సరిగ్గా పోతుంది, కుడివైపుకు విసిరితే బంతి నా కాలి మీదే పడుతోంది.

డ్రిల్ మాస్టర్ గారి బకిల్ మాట కుదరట్లేదు. నాకు గుండీలే ముందు తిరుగుతున్నాయి.

డ్రిల్‌మాస్టర్_రిటైర్డ్ | అదే రోజు

బంతి పక్కన పెట్టు. చేతులు కట్టుకుని, గుండె మీద ఒక కర్ర అడ్డంగా పెట్టుకో. అద్దం ముందు నిలబడి, కర్ర కదలకుండా బకిల్ ఒక్కటే తిప్పు. ఇరవై సార్లు. రాదు. రేపు కూడా రాదు. ఎల్లుండి వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మన అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో జరిగినప్పుడు నేను స్కోరు చూడలేదు, బౌలర్ల నడుం పట్టీ చూస్తూ కూర్చున్నా. ముందు కాలు నేలకు తగలగానే తుంటి తిరిగేది, భుజం ఇంకా వెనకే ఉండేది. పక్కన కూర్చున్నాయన నన్ను వింతగా చూశాడు.

ఈటె_అమ్మాయి | అదే రోజు

అన్నా, కుడివైపుకు సగం బలంతోనే విసురు. చెడ్డ పక్కతో మొదలుపెట్టు, మంచి పక్క చివర. అలసిపోయాక చెడ్డ పక్క ఎప్పటికీ నేర్చుకోదు.

తడకలేరు_పేసర్ | ఎనిమిదో వారం, ఆదివారం రాత్రి

ఈరోజు మ్యాచ్. ఆరు ఓవర్లు వేశా. ఐదు ఓవర్ల దాకా పక్కటెముకలు ఉన్నాయన్న సంగతే గుర్తు రాలేదు. ఆరో ఓవర్ నాలుగో బంతికి కొంచెం లాగింది, కెప్టెన్‌కు చెప్పి ఆ ఓవర్ అయ్యాక ఆపేశా. రెండు వికెట్లు, ఒకటి క్యాచ్ వదిలేశారు.

బకిల్ పదకొండో రోజుకు తిరిగింది సార్, మూడో రోజుకు కాదు.

మెట్లగది గోడకు బంతి ఆకారంలో ఒక గుండ్రటి మచ్చ పడింది. ఇంటాయన చూశాడు. సున్నం డబ్బా ఖర్చు నాదే.

ఫిజియో_సీమ | అదే రాత్రి

లాగిన వెంటనే ఆపారు చూడండి, అది రెండు వికెట్ల కంటే నాకు నచ్చింది. వచ్చే ఆదివారం నాలుగు ఓవర్లే. ఈ వారం విసుర్లు ఒక్క రోజే.

జిమ్ము_రాజా | అదే రాత్రి

బ్రో, ఆ 8 కిలోలది అమ్ముతావా? విసరడానికి కాదు, స్క్వాట్స్‌లో పట్టుకుంటా. కుడి పక్క ఇప్పుడు పదిహేను సెకన్లు ఆపుతున్నా, మేడమ్‌కు చెప్పు.

తడకలేరు_పేసర్ | అదే రాత్రి

నేనైతే ఇచ్చేసేవాణ్ణి బ్రో. మా ఆవిడ ఇవ్వనంటోంది. మిద్దె తలుపు గాలికి కొట్టుకోకుండా దానికి అడ్డం పెట్టింది. ఇంట్లో ఇన్నాళ్లకు పనికొచ్చిన వస్తువు అదొక్కటేనంట.